ఖాజా చిచ్చా సొరచేపల వేట

మొన్న మెదక్ అంగడిలో ఎండుచేపల గంపల పక్కనుంచి పోతుంటే మా కోడలు కొంగుతో ముక్కు మూసుకుంది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఉప్పు పట్టి, ఎండకు బిగిసిన సొరచేప వాసన అది. మా వైపు చాలామందికి అది కంపే. నాకు మాత్రం ఆ వాసనతోపాటు ఖాజా చిచ్చా కళ్ళముందుకొస్తాడు, నిమ్మచెక్క బుగ్గన పెట్టుకుని, పడవ అంచు పట్టుకుని, సముద్రాన్ని తిట్టుకుంటూ.

మేమంతా బాబాయి వరసలో చిచ్చా అని పిలిచే ఈయన మా గల్లీ మనిషి. చుట్టుపక్కల చెరువుల్లో చేపల కాంట్రాక్టు పట్టేవాడు. ఆయనకు మా నాన్న వలలు అల్లేవాడు, ఆ తర్వాత నేను అల్లాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, కుల్చారం చెరువుకు మించిన నీళ్ళు చూడని ఈ మనిషికి శ్రీకాకుళం తీరాన సొరచేపల వేట మీద మనసు పోయింది. సొర కాలేయం నుంచి తీసే నూనెను మందుల కంపెనీలు కొంటాయని ఎవరో చెప్పారట. ఉన్న పెంకుటిల్లు అమ్మి పడవ కొన్నాడు. బస్సు కూడా రాని ఒక పల్లెలో ఇసుక మీద పాక వేశాడు. "నువ్వు గూడ రారా శంకరా, నీ చేతి వల మీదనే నాకు భరోసా" అని నన్నూ వెంట తీసుకుపోయాడు. ఈయనకు పిచ్చి పట్టిందని గల్లీ అంతా అనుకుంది, అందరికంటే గట్టిగా ఆయన భార్యే అంది.

పడవెక్కిన మొదటి రోజే చిచ్చా కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాడు. రెండో రోజూ అంతే. ఆయనకు సముద్రం ఎన్నడూ పడలేదు. పడవ నడిపే అప్పన్న నవ్వు ఆపుకోలేక, "ఏటి బాబూ, సేపలకి మేతెడతన్నావా?" అన్నాడు.

"నవ్వుండ్రి, మస్తు నవ్వుండ్రి. రేపు గూడ వస్త" అన్నాడు చిచ్చా మూతి తుడుచుకుంటూ.

అక్కడి పడవల యజమానులెవరూ ఒడ్డు దిగి నీళ్ళలోకి పోయేవారు కాదు. నువ్వూ ఒడ్డునే ఉండిపోరాదా అని నేనే ఒకసారి అడిగితే, "నేను పోని జాగకు వాళ్ళనెట్ల పొమ్మంటరా?" అన్నాడు.

వ్యాపారం మొదటినుంచీ కుంటుతూనే నడిచింది. ఒకరోజు గాలి, ఒకరోజు ఖాళీ వల. చిక్కిన సొర కూడా వల చీల్చుకుని పోయేది. ఆఖరికి ఒకనాడు పెద్దది దొరికింది. పడవలోకి లాగాక, అది చచ్చిందనుకుని అప్పన్న దాని పక్కన అడుగు వేశాడు. అది ఒక్కసారిగా తల విసిరి ఆయన పిక్క పట్టేసింది. ప్రాణం దక్కింది, కాలూ దక్కింది. కానీ ఆ తర్వాత భయంతో కూలీలెవరూ పడవెక్కలేదు. మరికొన్నాళ్ళు ఇలాగే సాగితే అన్నీ అమ్ముకుని ఊరికి పోవడం తప్ప దారి లేదు.

అప్పుడు నూనె కొనే దళారి ఒక ఉపాయం చెప్పాడు. "పక్క ఊళ్ళో తిండికి లేనోళ్ళు బోలెడుమంది ఉన్నారండి. భయమున్నా వస్తారు."

చిచ్చాకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "ఆకలైనోళ్ళ కాళ్ళు కాళ్ళు కావా సేటూ? చాయ్ తాగి పోండ్రి" అన్నాడు. అంత కోపంలోనూ చాయ్ మరచిపోలేదు.

మర్నాడు చిచ్చా అప్పన్న ఇంటి ముందు ఆ కూలీలందర్నీ కూర్చోబెట్టాడు. "సొరను లోపలికి గుంజేటప్పుడు ముంగట నేనుంట. దుడ్డుకర్రతోని మొదటి దెబ్బ నాది. అది సచ్చిందని నేను దాని పక్కన కూసున్నంకనే మీరు దగ్గరికి రాండ్రి. నాకు గూడ భయమే, చూడుండ్రి" అని వణుకుతున్న చేతులు చాపాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కట్టు కట్టిన కాలు చాపుకుని అరుగు మీద కూర్చున్న అప్పన్నే ముందుగా, "కాలు మానగానే నానొస్తాను బాబూ" అన్నాడు. మిగతావాళ్ళు ఆ వారమే పడవెక్కారు. చిచ్చా ఒక చేత్తో దుడ్డుకర్ర, ఇంకో చేత్తో పడవ అంచు పట్టుకుని, కక్కుకుంటూనే మాట నిలబెట్టుకున్నాడు. మళ్ళీ ఎవరికీ గాయం కాలేదు.

అయినా వ్యాపారం నిలవలేదు. కంపెనీలు ఆ నూనె కొనడం మానేశాయి. పడవ అమ్మేసి మెదక్ తిరిగొచ్చాం. చిచ్చా కిరాయి ఇంట్లో దిగాడు. ఒక పొద్దున హోటల్లో ఎవరో ఆయన సంపాదన గురించి ఎకసెక్కంగా, "గంత దూరం పోయి ఏం కమాయించినవ్ ఖాజా భాయ్?" అని అడిగారు.

చిచ్చా సాసర్లో చాయ్ ఊదుకుంటూ, "పడవెక్కినోళ్ళందరు ఇంటికొచ్చిన్రు" అన్నాడు.

అడిగినవాడికి ఏం అర్థమైందో తెలియదు. పక్కనే ఉన్న నేను మాత్రం చిచ్చాకు ఇంకో చాయ్ తెప్పించాను.

తర్వాత నేను వలలు వదిలి, బావులు తవ్వించే మేస్త్రీనయ్యాను. కౌడిపల్లి, రేగోడ్ వైపు చాలా బావులు తవ్వించాను. బండకు మందు పెట్టి పేల్చాక, పక్కరాళ్ళు కూలేలా ఉన్నాయేమో చూడడానికి మొదట దిగేవాణ్ణి నేనే. "మీరెందుకు దిగుడు, మేం లేమా?" అనేవారు కూలీలు. నా కాళ్ళు గడగడలాడేవి. వాళ్ళకు కనిపిస్తాయని సిగ్గుపడలేదు. భయపడుతూనే ముందు నడవొచ్చని నాకు చూపించినందుకు చిచ్చాకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. సాయంత్రం ఆఖరి మనిషి పైకొచ్చేదాకా గట్టు మీదే కూర్చునేవాణ్ణి. అతను ఒళ్ళు దులుపుకుని ఇంటిదారి పట్టాకే, ఆ రోజు నేనూ ఏదో కమాయించానని లేచేవాణ్ణి.