సిద్దిపేటలో బరువు తగ్గిన రోజు

ఆ కాలంలో పట్నంలో భౌతికశాస్త్రం చదవడమంటే చేతిరాత బాగుచేసుకోవడమే. పరికరాలు అద్దాల బీరువాలో భద్రంగా ఉండేవి. మేము పై తరగతి వాళ్ల రికార్డు చూసి జవాబుతో సహా ఎక్కించేవాళ్లం. (అందులో దోమ చచ్చి అంటుకున్న మరకను కూడా నేను శ్రద్ధగా గీశాను.) ఈ సుఖం మీదికి కొత్త లెక్చరర్ గారు వచ్చిపడ్డారు. నలుగురేసి జట్టు కట్టి, మీరే ఏదైనా కొలిచి తెండి, మార్కులు మాత్రం అందరికీ సమానం అన్నారు. ఒక్క జట్టు పిచ్చి లెక్క తెచ్చినా పెద్ద ప్రొఫెసర్ గారు ఈ పద్ధతితో పాటు ఆయన్నీ సాగనంపుతారని బంట్రోతు మా చెవిన వేశాడు.

సమానమట. మా జట్టులో ‘చద్దరు’ ఉన్నాడు మరి. నీడ కనిపిస్తే చాలు, పరిచి పడుకునేవాడు. సెలవుల్లో అందరినీ సిద్దిపేట తెచ్చి, మా పెద్దబాపు మోటబావి దూలానికి పొడవాటి తాడుతో గుండ్రాయి వేలాడదీయించింది నేను. పది నిమిషాల్లో అది ఎన్నిసార్లు ఊగుతుందో తెలిస్తే, భూమి దాన్ని ఎంత బలంగా లాగుతుందో తేలుతుంది. ఒకడు తాడు కొలిచాడు, ఒకడు గడియారం పట్టాడు, నేను లెక్కపెట్టాలి, చద్దరు రాసుకోవాలి. వాడు ముసుగుతన్ని, అంకె వచ్చాక లేపమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ముప్పై దాకా బాగానే లెక్కపెట్టాను. అప్పుడు పెద్దబాపు వచ్చి, ఎడ్లను విప్పించి మరీ ఏం చేస్తున్నారని అడిగాడు. అడిగిన మనిషికి ముక్తసరిగా చెప్పి పంపడం నా చేత కాదు. భూమిని తూస్తున్నామనీ, నిరుడు పట్నంలో తూస్తే ఒక పక్కకు ఒరిగిందనీ చెబుతూ, వేళ్లతో లెక్క నడిపించాను. ఎనభై తేలింది. గుణించి చూస్తే సిద్దిపేటలో సమస్త వస్తువుల బరువూ మూడోవంతు తగ్గిపోయింది. పెద్దబాపు శ్రద్ధగా విన్నాడు.

“గట్లనా? మరి మోట గుంజే నా ఎడ్లకు గీ సంగతి ఎవరన్న చెప్పిన్రా?”

కాలేజీ నుంచి అరువు తెచ్చిన గడియారంతో బస్సెక్కే వేళయింది. మళ్లీ కొలిచే వ్యవధి లేదు. పాత రికార్డులోని జవాబు ఎక్కించేద్దామని మొదట అన్నది (సిగ్గుతో ఒప్పుకుంటున్నాను) నేనే. అప్పుడు చద్దరు ముసుగు తీసి, తలదగ్గర బండ మీద బొగ్గుతో గీసిన గీతలు చూపించాడు. సరిగ్గా వంద.

“నువ్వు ఒకటి, రెండు అని ఒర్లుతుంటె నిద్రెట్ల పడ్తదిరా? నీ నోరు ఎప్పుడు మూతపడ్తదో చూద్దామని, రాయి ఊగొచ్చి దూలం కిర్రుమన్నప్పుడల్ల ఒక గీత గీసిన.”

వంద వేసి గుణిస్తే భూమి దారిలోకి వచ్చింది. లెక్చరర్ గారి కొలువు నిలిచింది, పద్ధతీ నిలిచింది. జరిగిందంతా విని ఆయన చద్దరు పేరు పక్కన ‘అసలైన పరిశీలకుడు’ అనీ, నా పేరు పక్కన ‘బాగా మాట్లాడతాడు’ అనీ రాశారు. బావి నాది, పెద్దబాపు నావాడు, పేరు మాత్రం పడుకున్నవాడికి. ఈ అన్యాయాన్ని ఇరవై ఏళ్లుగా కనపడ్డ ప్రతివారికీ చెబుతున్నాను. (చెప్పినప్పుడల్లా బావి రెండు గజాలు లోతవుతోంది.)

ఇప్పుడు ఈ కథ ఎత్తుకోగానే, మూలన ఎవరైనా గీతలు గీస్తున్నారేమోనని నా కళ్లు వెతుకుతాయి. అందరూ మర్యాదగా వింటూ ఉంటారు. వాడొక్కడు ఉంటే బాగుండు. ఎక్కడ ఆపాలో నాకు తెలిసేది.