గళ్లు గీసిన ఫొటో

మార్కాపురంలో పలకల పని బాగా నడిచిన రోజుల్లో ప్రేమకుమారి పని గళ్లు గీయడం. పలకకు ఒక పక్క నున్నగా వదిలేసి, రెండో పక్క లెక్కలు చేసుకునే పిల్లల కోసం గళ్లు గీసేవాళ్లు. స్కేలు ఆనించి ఇనుప మొనతో లాగిన గీత మళ్లీ చెరగదు. వంకర పోతే పలక పారేయాల్సిందే. ఆమె చేతిలో పాడైన పలకలు తక్కువ. తరువాత పలకలు కొనేవాళ్లు తగ్గిపోయి, ఆమె పనిచేసే షెడ్డుకు తాళం పడింది. అప్పటికే భర్త పోయాడు. కూతురు పెళ్లయి ముండ్లమూరులో ఉంది. ప్రేమకుమారి ఒంటరిగా ఒక గది అద్దెకు తీసుకుని, బజారులోని దుకాణాల చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ ఉండేది.

కుట్టుకుంటూ ఫోన్లో వీడియోలు పెట్టుకోవడం ఆమెకు అలవాటు. ఒకరోజు ఒక వీడియోలో ఎవరో ఫొటో మీద చిన్న గళ్లు, పక్కన పెద్ద కాగితం మీద అన్నే పెద్ద గళ్లు గీసి, ఒక్కో గడిలో ఉన్నదాన్ని ఒక్కో గడిలోకి ఎక్కిస్తున్నాడు. ముక్కు గీత చిన్న గడిలో ఎక్కడ మొదలై ఎక్కడ బయటికి పోతుందో, పెద్ద గడిలోనూ అక్కడే మొదలై అక్కడే పోవాలి. అంతే. చూస్తుండగానే మనిషి ముఖం లేచి కూర్చుంది. ఇది తన పనే గదా అనిపించింది ప్రేమకుమారికి.

మొదట చనిపోయిన తన తల్లి బొమ్మ గీసింది. దాన్ని చూసి ఒకరు, వాళ్లను చూసి ఇంకొకరు చనిపోయినవాళ్ల ఫొటోలు తెచ్చివ్వడం మొదలుపెట్టారు. స్టూడియోలో కంప్యూటర్ మీద చేయిస్తే ముసలివాళ్ల ముఖం ముడతలు పోయి సినిమా మనిషిలా తయారవుతుంది. ప్రేమకుమారి ముడతను ముడతలాగే ఉంచేది.

ఆమె పద్ధతులు ఆమెవి. గళ్లు తప్పిపోకుండా ఫొటో పైన వరసగా ఒకటి, రెండు, మూడు అని అంకెలు, పక్కన అ, ఆ, ఇ, ఈ అని అక్షరాలు వేసేది. ఫొటోను తలకిందులుగా గోడకు గుండుసూదులతో గుచ్చేది. ముఖం సరిగ్గా ఉంటే మనసు తనకు తెలిసిన కన్ను, తనకు తెలిసిన ముక్కు గీసేస్తుంది. తలకిందులైతే అక్కడున్న గీతే కనిపిస్తుంది.

ఆమె ఉండే గది రామతులసమ్మ ఇంటి వెనక భాగంలోది. రామతులసమ్మ వాళ్లకు బజారులో పచారీ కొట్టు ఉంది. భర్త పోయాక కొడుకు శ్రీనివాస్ చూసుకుంటున్నాడు. రామతులసమ్మ దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు. పాలు పోయించుకుంటే వేలి మీద జార్చి చూసేది. సొంత కొట్టులో కొడుకు తూచి పంపిన చక్కెరను ఇంట్లో మళ్లీ తూచేది.

ఒక ఉదయం ఆమె చెన్నకేశవస్వామి గుడికి పోయినప్పుడు శ్రీనివాస్ వెనక గదికి వచ్చాడు. చేతిలో ఒక ఫొటో ఉంది. ఏదో పెళ్లిలో తీసింది, రామతులసమ్మ నవ్వుతూ ఉంది.

"అక్కా, అమ్మ బొమ్మ ఒకటి గీయాల. పెద్దదిగా. ఆమెకు మాత్రం తెలియనీయగాకు."

"మంచిదే గదా శీనన్నా. పుట్టినరోజుకా?"

"అట్లాంటిదే. తొందరగా కావాల. ఈ నవ్వు వద్దు, నిమ్మళంగా ఉన్నట్టు గీయి. తల పైన కొంచెం జాగా వదులు."

"ఎంత వదలాల?"

"దండ వేస్తే నుదురు కనపడాల గదా."

ఆ మాట నోరు జారినట్టుంది. అతను వీధివైపు చూసి, "పండగలకు వేస్తాం గదా, అందుకని," అని పోయాడు.

బతికున్న తల్లి పటానికి పండగ దండ వేసేవాళ్లను ప్రేమకుమారి ఎరగదు. స్కేలు పట్టుకుందే గాని గీత పడలేదు. ఆ ఇల్లు రామతులసమ్మ పేరు మీదే ఉంది. దాన్ని అమ్మి బస్టాండు వైపు కొత్త కొట్టు పెట్టాలని కొడుకు, కుదరదని తల్లి, గోడవతల వాదించుకోవడం ఆమె విన్నదే. తల్లి పోకముందే పటం చేయించుకునే కొడుకు మనసులో ఏముంది?

ఆ రోజు నుంచి ఆమె కళ్లు ముందింటి మీదే ఉన్నాయి. రామతులసమ్మకు పాలగ్లాసు ఎవరు తెస్తున్నారు, మాత్రలు ఎవరు ఇస్తున్నారు అని చూసేది. ఒకసారి అరుగు మీద వదిలిన మందు సీసా మూత తీసి వాసన కూడా చూసింది. ఏమీ తెలియలేదు.

బొమ్మ మాత్రం సాగుతూ ఉంది. గడి తరువాత గడి నింపుతూ ఆమె ఇంకొకటి కనిపెట్టింది. ఫొటోలో చెంప రెండు గళ్ల నిండా ఉంది. బయట అరుగు మీద కూర్చున్న మనిషికి ఆ చెంప ఒకటిన్నర గడికి మించి లేదు. దవడ ఎముక తేలింది. రోజూ చూసేవాళ్లకు తెలియని తేడా, గళ్లకు అలవాటుపడిన కంటికి దాగలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. "అమ్మా, అన్నం సరిగ్గా తింటాండావా?"

రామతులసమ్మ ఆమెను కింది నుంచి మీదికి చూసింది. "నా తిండి లెక్క నీకెందుకే?"

నాలుగు రోజుల తరువాత ప్రేమకుమారి కుట్టిన చీరలు ఇచ్చిరావడానికి బజారుకు పోయింది. నీళ్ల మోటారు స్విచ్చి ఆమె గదిలోనే ఉంటుంది. మోటారు వేయడానికి రామతులసమ్మ తన దగ్గరున్న రెండో తాళంచెవితో గది తెరిచింది. ఎదురుగా గోడ మీద తన ఫొటో. తలకిందులుగా ఉంది. నాలుగు మూలలా సూదులు. ముఖమంతా అడ్డంగా నిలువుగా గీతలు, పైన అంకెలు, పక్కన అక్షరాలు.

ప్రేమకుమారి తిరిగి వచ్చేసరికి వీధిలో జనం. ఎదురింటి ఖుర్షీద్ బేగం, కొళాయి దగ్గరి ఆడవాళ్లు, పక్క కొట్ల మగవాళ్లు గుమిగూడారు. రామతులసమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. ఫొటో ముట్టుకోవడానికి భయపడి, దాన్ని చాట మీద పెట్టి బయటికి తెచ్చారు.

"ఏందిది?" అంది రామతులసమ్మ.

"బొమ్మ గీసేదానికమ్మా. గళ్లు పెట్టుకుంటే కొలత తప్పదు."

"తలకిందులుగా ఎందుకుండాది? సూదులెందుకు? నేను తింటాండానో లేదో నువ్వెందుకు అడిగినావు? నాకు కడుపునొప్పి తగులుకుంది ఈమధ్యనే గదా."

ఖుర్షీద్ బేగం ఫొటో మీదికి వంగి చూసింది. "తావీదుల్లో, అదే తాయెత్తుల్లో గూడా ఇట్లనే గళ్లుంటాయి, అంకెలుంటాయి. కానీ మనిషి ముఖం మీద ఎవరూ గీయరమ్మా," అంది మెల్లగా.

సి.ఎస్.పురం దిక్కు ఇట్లాంటి చేతబడులు తీసేసే మనిషి ఉన్నాడని ఒకరు, ముందు పోలీసులకు చెప్పండని ఇంకొకరు అన్నారు. ప్రేమకుమారి అంత కాలంగా ఇచ్చిపుచ్చుకున్న మనుషులు ఆమెకూ తమకూ మధ్య జాగా వదిలి నిలబడ్డారు.

"ఎవరు గీయమన్నారు నిన్ను?" అని రామతులసమ్మ అడిగింది.

కొట్టు నుంచి పిలిపించిన శ్రీనివాస్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ప్రేమకుమారి అతనివైపు చూసింది. అతను నేల చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. అతను ఆ మాట అనలేదు. "అమ్మా, లోపలికి రా. మంది చూస్తాండారు," అన్నాడంతే.

తాను చెప్పవచ్చు. చెబితే ఎవరు, ఎందుకు అని అడుగుతారు. ఎందుకన్న దగ్గర దండ మాట వస్తుంది. ఇంత మందిలో ఆ ముసలామె చెవిన అది పడాలా?

"ఎవరూ చెప్పలేదమ్మా. నాకే గీయాలనిపించింది," అంది.

"అయితే ఈ వారంలో గది ఖాళీ చెయ్," అంది రామతులసమ్మ.

మరునాడు బజారులో చీరల దుకాణం మెట్ల దగ్గర శ్రీనివాస్ ఆమెను ఆపాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"అక్కా, నన్ను తిట్టు, పడతా. గుంటూరులో చూపించినాము. కడుపులో గడ్డంట. మంచిది కాదంట. ఆమెకు అల్సరని చెప్పినాము."

"ఆపరేషన్?"

"ఒక డాక్టరు ఈ వయసులో వద్దన్నాడు. ఇంకో డాక్టరు చేయచ్చన్నాడు. చేయించాలంటే ఆమెకు చెప్పాల. చెప్తే భయంతోనే పోతాదేమోనని నాకు నోరు రాలా." అతను ఫోన్లో ఏదో స్కానింగు బొమ్మ తెరిచి చూపించాడు. నలుపు, తెలుపు మబ్బుల్లాంటివి తప్ప ఆమెకు ఏమీ అర్థం కాలేదు. నిజమే చెబుతున్నాడా, తన నోరు మూయించడానికా? మనిషి గొంతును కొలవడానికి గళ్లు లేవు.

"నా మీద పడింది నేను మోస్తాలే అన్నా," అంది చివరికి. "ఆమె మీద పడింది ఆమెకు తెలియాల గదా. నేనైతే చెప్పను. నువ్వే చెప్పాల."

అతను తల ఊపి వెళ్లాడు. ఆ రోజు చెప్పలేదు. ఆ తరువాతి రోజూ చెప్పలేదు.

ప్రేమకుమారి సామాను మూటలు కడుతుండగా, మధ్యాహ్నం ఎండలో రామతులసమ్మ ఒక్కతే వచ్చింది. గుమ్మం లోపలికి రావడానికి కాసేపు ఆలోచించి, వచ్చి మంచం మీద కూర్చుంది.

"ఆ ఫొటో నా ఆల్బంలోది. ఆల్బం నా బీరువాలో ఉండాది. బీరువా తాళం ఏడ పెడతానో నాకూ నా కొడుక్కూ మాత్రమే తెలుసు," అంది. "మొన్న వాడు గేటుకాడ నేల చూసినాడు. చిన్నప్పుడు గూడా అంతే, తప్పు చేస్తే నేల చూసేవాడు. ఆ బొమ్మ ఏది, చూపీ."

ప్రేమకుమారి చుట్టిపెట్టిన చార్టు తీసి నేల మీద పరిచింది. ముఖమంతా వచ్చింది. నోరు ఉండాల్సిన మూడు నాలుగు గళ్లు మాత్రం ఖాళీగా ఉన్నాయి. రామతులసమ్మ చాలాసేపు చూసింది. చెవి కమ్మను చూసింది. ఎడమ కనుబొమ మీది చిన్నప్పటి దెబ్బ మచ్చను చూసింది. తరువాత ఆమె చూపు తల పైన వదిలిన ఖాళీ వరసల మీద ఆగింది.

"దండకా?"

ప్రేమకుమారి చుట్టుకుపోతున్న చార్టు మూలను అరచేత్తో సాపు చేసింది.

"అల్సరుకు గుంటూరు దాకా ఎందుకు తీసకపోయినాడా అని అప్పుడే అనుకున్నా," అంది రామతులసమ్మ. మంచినీళ్లు అడిగి తాగింది. "మందిలో నా కొడుకు పేరు ఎందుకు చెప్పలా నువ్వు?"

"చెప్పాలని నోటిదాకా వచ్చిందమ్మా."

"నోరెందుకు గీయలా?"

"ఫొటోలో నవ్వుతున్నావు. నవ్వొద్దన్నాడు. నవ్వు లేకుంటే గళ్లలో ఏం పెట్టాల్నో తెలియలా."

"ఉండేది ఉన్నట్టు గీయి," అని రామతులసమ్మ లేచింది.

ఆ సాయంత్రం ముందింట్లో పెద్ద గొంతులు వినిపించాయి. తరువాత ఏడుపు. ఏడ్చింది శ్రీనివాస్. ఆ వారంలోనే తల్లీ కొడుకులు గుంటూరు పోయారు. చేయచ్చన్న డాక్టరును రామతులసమ్మ తానే ప్రశ్నలు వేసి విసిగించి, ఆపరేషన్ చేయించుకుంది. ఇంటికి వచ్చాక పాలు మళ్లీ వేలి మీద జార్చి చూడడం మొదలుపెట్టింది. ఇంకో రెండు వేసవులు బతికింది. నవ్వుతున్న ఆ బొమ్మను తానే కొట్టులో పెట్టించి, దాని కిందే కూర్చునేది. సరుకులకు వచ్చినవాళ్లు బొమ్మను, ఆమెను మార్చి మార్చి చూసేవాళ్లు.

ప్రేమకుమారిని గది ఖాళీ చేయనివ్వలేదు. దాంతో వీధిలో మాట తగ్గాల్సింది పోయి పెరిగింది. వెళ్లగొట్టాలనుకున్న మనిషిని మళ్లీ ఇంట్లో పెట్టుకుందంటే ప్రేమకుమారి ఆమెకు ఏదో మంత్రం కట్టు కట్టిందన్నారు. ఆపరేషన్ అయి లేచి తిరుగుతోందంటే, చేసిన మనిషే తీసేసిందన్నారు. రామతులసమ్మ ఒకరిద్దరిని గట్టిగా కసిరింది. ఆమె ముందు ఊరుకున్నారు, అంతే. ఖుర్షీద్ బేగం మాత్రం ఒకరోజు వచ్చి, ఆ మాట తాను అనకుండా ఉండాల్సిందని చెప్పి, టీ తాగి పోయింది. అయినా తమ ఇంటి ఫొటో ఏదీ ఆమె ఎప్పుడూ తేలేదు.

రామతులసమ్మ పోయాక కూడా ప్రేమకుమారి ఆ గదిలోనే ఉంది. ఇప్పుడు ఫొటో మీద గీతలు గీయదు. పలుచని ప్లాస్టిక్ కాగితం మీద గళ్లు గీసుకుని, దాన్ని ఫొటో మీద పరుస్తుంది. సూదులు మానేసి బట్టల క్లిప్పులు పెడుతుంది. తలుపు బార్లా తీసి, వసారాలో అందరికీ కనపడేటట్టు కూర్చుంటుంది. బొమ్మలు గీయించుకునేవాళ్లు ఎక్కువగా పొరుగూళ్ల నుంచే వస్తారు.

మొన్నామధ్య బేస్తవారిపేట నుంచి చెంచయ్య అనే గొర్రెలాయన వచ్చాడు. పోయిన భార్య ఫొటో ఒకటే ఉందట, ఆధార్ కార్డు సైజుది. ఫొటో చేతికి ఇవ్వకుండానే అడిగాడు. "దీని మీద ఏమన్నా రాస్తావా?"

"రాయను నాయనా. ఈ ప్లాస్టిక్ మీదే."

"తలకిందులు పెడతావంట గదా."

"పెడితేనే సరిగ్గా వస్తాది."

ఆయన కండువా దులిపి వసారాలో పరుచుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "పెట్టు. బొమ్మయిందాకా నేను ఈడనే కూర్చుంటా. ఫొటో నా కళ్ల ముందే ఉండాల."

ఒక్క రోజులో అయ్యేది కాదని చెప్పింది. రేపు మొదటి బస్సుకు మళ్లీ వస్తానన్నాడు. ఆమె గళ్లు మొదలుపెట్టింది. ఆయన కన్నార్పకుండా ఆమె చేతినే చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రం ఫొటోను జేబులో పెట్టుకుని, జేబు మీద చేయి ఉంచుకుని బస్టాండుకు నడిచాడు.