చిట్టి కాలు పట్టిన పెళ్లికొడుకు

ఆ రోజుల్లో పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు పిల్లకి పాట వచ్చా, వంట వచ్చా అని అడిగేవారు. మా ఇంట్లో మాత్రం ప్రశ్నలు అడిగేది నానమ్మ, తీర్పు చెప్పేది గుర్రం. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పట్లో ప్రాణం విసిగిపోయేది. (ఇప్పుడూ విసుగే, కాకపోతే కారణాలు మారాయి.)

తాతయ్య వన్ టౌన్‌లో జట్కా తోలేవారు. ఆయన పోయి, ఆటోలొచ్చి జట్కాలు మూలపడ్డాక కూడా నానమ్మ గుర్రాన్ని అమ్మలేదు. భవానీపురంలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించి, చిట్టి అని పేరుపెట్టి, కన్నకూతురిలా చూసుకుంది. కుటుంబ ప్రార్థనలో మా అందరికన్నా ముందు చిట్టి పేరే వచ్చేది. పాస్టరుగారు ఒకసారి "గుర్రానికెందుకమ్మా ప్రార్థన?" అంటే, "ప్రభువు గాడిదనెక్కి రాలేదాండీ? గుర్రం ఏం పాపం చేసింది?" అంది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. పొద్దున్నే పెద్ద గిన్నెలో ఉలవలు ఉడికేవి. ఉలవలు చిట్టికి, ఆ నీళ్లతో కాచిన చారు మాకు. నేను మందుల కొట్టులో బిల్లులు రాసి, సాయంత్రం కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి నానమ్మ బకెట్టూ బ్రష్షూ పట్టుకుని నిలబడి ఉండేది. అమ్మకి గుర్రం వాసన పడదు, నాన్నకి గుర్రం మాటే పడదు. ఇక చిట్టిని తోమడానికి మిగిలింది నేనే.

సంబంధాలు వచ్చేవి, పోయేవి. నానమ్మ పెళ్లికొడుకుని నేరుగా షెడ్డులోకి తీసుకెళ్లి, చేతిలో ఇనుప కొక్కెం పెట్టి, "కాలెత్తి డెక్కలో రాళ్లు తియ్యి నాయనా" అనేది. మనిషిని నమ్మితేనే గుర్రం కాలిస్తుందట. గుర్రం నమ్మనివాడికి తను మనవరాల్ని ఎలా ఇస్తుంది? ఒకాయన తెల్ల ప్యాంటు చూసుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇంకొకాయన తల్లి ఉలవచారు రెండోసారి పోయించుకుని మరీ మెచ్చుకుని, ఆ ఉలవలు ఎవరివో నానమ్మ నోటే విని, గ్లాసు కిందపెట్టి లేచింది. నాన్న తల పట్టుకున్నాడు. "అమ్మా, దీనికి పెళ్లి చేస్తావా, గుర్రం పక్కనే కట్టేస్తావా?"

ఆ తర్వాత వచ్చినాయన నాకు నచ్చారు. గుమాస్తా ఉద్యోగం, మెత్తని మాట. ఈ సంబంధం కూడా తప్పిపోతే నేను తట్టుకోలేననిపించింది. కాఫీ కూడా తాగనివ్వకుండా నానమ్మ కొక్కెం తెచ్చింది. ఆయన చొక్కా చేతులు మడిచి, చిట్టి దాకా వెళ్లి, అది ఒక్కసారి ముక్కు చీదేసరికి నాలుగడుగులు వెనక్కొచ్చి, "నాకు భయమండీ. చిన్నప్పట్నుంచీ కుక్కన్నా భయమే" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే పట్టుచీర కుచ్చిళ్లు దోపుకుని, కొక్కెం లాక్కుని, చిట్టి కాలెత్తాను. "మీరు ఇలా పట్టుకోండి చాలు. రాళ్లు నేను తీస్తా." ఆయన కళ్లు గట్టిగా మూసుకుని పట్టుకున్నారు. చిట్టి తీరిగ్గా ఆయన కాలరు నమలడం మొదలుపెట్టింది. అయినా ఆయన దాని కాలు వదల్లేదు.

నానమ్మ ఉలవల బస్తా మీద కూర్చుని కొంగుతో కళ్లొత్తుకుంది.

"చిట్టి ఒప్పుకుంది నాయనా. నాకే మనసొప్పటం లేదు. ఈ పిల్ల వెళ్లిపోతే సాయంత్రాలు నాతో ఎవరుంటారు?"

ఇన్నాళ్లూ ఆ కొక్కెం ఎందుకు బయటికి వచ్చిందో అప్పుడర్థమైంది. విసుగంతా పోయింది.

"ఆదివారాలు పంపిస్తావా?" అని అడిగింది ఆయన్ని.

"నేనే తీసుకొస్తానండీ" అన్నారాయన. "గుర్రం దగ్గరికి మాత్రం రాలేనండీ."

ఆయన మాట తప్పలేదు. పెళ్లయ్యాక ప్రతి ఆదివారం చర్చి అవగానే నన్ను స్కూటర్ మీద తెచ్చి దింపి, తను వీధి అరుగు మీదే పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. ముందు చిట్టి పోయింది, ఆ తర్వాత నానమ్మ. ఆ ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది. మేం బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాట్‌లో ఉంటున్నాం. మోకాళ్ల నొప్పులు, ఆఫీసు, వంట. ఆదివారమైతే మంచం దిగబుద్ధి కాదు. అయినా చర్చి నుంచి బయల్దేరితే, ఈయన చెయ్యి అలవాటు కొద్దీ కారుని భవానీపురం వైపు తిప్పేస్తుంది. సగం దూరం వెళ్లాక ఇద్దరికీ గుర్తొస్తుంది.

"వెనక్కి తిప్పనా?" అంటారు.

ఒళ్లంతా ఇంటికి పోయి పడుకుందామంటుంది. "ఇంత దూరం వచ్చాంగా, అటే పోనివ్వండి" అంటాను నేను, నవ్వుకుంటూ.