ఐదో పాఠంలో మా అమ్మ

ఈమెయిల్‌లో పాఠాలు పంపి, మన తీరికనుబట్టి రాయమనే ఇంగ్లీషు కథారచన కోర్సు ఒకటి చేస్తున్నాను. మూడో పాఠానికి, ఒంగోలు ఆసుపత్రిలో మా అమ్మకు చివరిసారి జడ వేసిన రోజు గురించి రాసి పంపాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పుకోని సంగతి అది. ‘చాలా బాగుంది’ అని కోర్సు నడిపే మాస్టారు జవాబిచ్చాడు. ఆ సంతోషంలో అరోరా అనే ఊళ్లో ఉండే నా స్నేహితురాలు సునీతను కూడా ఆ కోర్సులో చేర్పించాను.

ఈ రోజు మధ్యాహ్నం సునీత ఫోన్ చేసింది.

“అక్కా, నాకొచ్చిన ఐదో లెసన్‌లో ఒక పేరా ఉంది. ఒంగోలు హాస్పిటల్‌లో అమ్మకి జడ వేసే కూతురు. నువ్వు రాసిందేనా?”

“నాదే. దేనికిచ్చారు?”

“మరీ ఏడుపుగొట్టు రైటింగ్‌కి ఎగ్జాంపుల్ అంట. సగానికి కట్ చేసి పంపమన్నారు.”

ఒళ్లు మండిపోయి వెంటనే ఆ మాస్టారికి ఈమెయిల్ రాశాను. గంటలో జవాబిచ్చాడు: ‘మీ పేరు తీసేశాం కదా. మీ రచన ఇంతమందికి ఉపయోగపడుతున్నందుకు సంతోషించండి.’

ఆ పేరా తీసేయమని మళ్లీ రాసి, కోర్సు మానేశాను. దానికి ఇంతవరకు జవాబు లేదు. సాయంత్రం సునీత మెసేజ్ పెట్టింది: ‘నేనూ మానేశానక్కా. అందులో ఏ లైన్ కొట్టేయాలో నాకు తెలియలేదు.’

మీలో ఎవరికైనా ఆ పాఠం వచ్చి ఉంటే చెప్పండి. మా అమ్మను ఎక్కడ కోశారో తెలుసుకోవాలని ఉంది.