చీపురు దించిన సబ్బు పెద్దమ్మ

ఆ వీధిలో లాండ్రీ నడిపే ఆవిడను అందరూ సబ్బు పెద్దమ్మ అంటారు. ఎదుటివాడి చొక్కా మీద టీ మరక కనిపిస్తే చాలు, వాడు చెప్పేది వినడం మానేసి, "ముందు ఆ చొక్కా విప్పి ఇటివ్వు" అనే రకం. అలాంటి ఇంట్లో విడ్డూరం చూడండి: ఆవిడ ప్రాణంగా పెంచుకుంటున్న నల్లకుక్క మసి, తన మలం తానే తింటుంది!

ఛీ అనుకున్నారా? ఆవిడా అనుకుంది. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అన్నట్టుగా ఉండేది ఆవిడ పరిస్థితి. మసి పెరట్లో వంగిందంటే చాలు, ఇస్త్రీ వదిలేసి, చీపురూ చేటా పట్టుకుని, "ఒసేయ్, ముట్టావంటే చంపేస్తా!" అంటూ పరుగు తీసేది. ఆవిడ గుమ్మం దాటేలోగా మసి గబగబా మింగేసి, ఏమీ ఎరగనట్టు మూతి నాక్కునేది. ఆవిడ ఎంత వేగంగా వస్తే అది అంత వేగంగా తినేది.

ఇంతలో కోడలు ప్రసవించింది. ఆస్పత్రి నుంచి పసిబిడ్డతో ఇంటికి రావాలి. కొడుకు తేల్చి చెప్పేశాడు.

"అమ్మా, ఆ నోటితో పాప మొహం నాకితే ఏం కాను? గోడౌన్ వాచ్‌మన్ అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం. కుక్క తోక వంకర నువ్వు తీస్తావా?"

"పాప వచ్చేలోగా మాన్పిస్తా. లేదంటే నేనే తీసుకెళ్లి అప్పగిస్తా!"

రోషంకొద్దీ అనేసింది గానీ, ఆవిడ గుండెల్లో రాయి పడింది. మసి లేని ఇంటిని ఊహించుకోవడం కూడా ఆవిడ వల్ల కాలేదు.

పశువుల డాక్టరమ్మ మలం పరీక్ష చేయించింది, తిండి గురించి అడిగింది. నులిపురుగులు లేవు, ఒంట్లో లోపమూ లేదు.

"అది దొడ్డికి వెళ్లినప్పుడు మీరేం చేస్తారు?" అని అడిగింది చివరికి.

సబ్బు పెద్దమ్మ చీపురు పరుగు గురించి గర్వంగా చెప్పింది. డాక్టరమ్మకు నవ్వాగలేదు.

"అదేనండీ తంటా! కనిపిస్తే కేకలు పడతాయని అది దాచేస్తోంది. దానికి అల్మారా ఉందా, పొట్ట తప్ప? అరవకండి, పరుగెత్తకండి. తాడు పట్టుకుని పక్కనే ఉండండి. పనవగానే ముద్దుగా పిలిచి, ఉడికించిన కోడి ముక్క పెట్టండి. దాన్ని లోపలికి పంపాకే ఆ మలం ఎత్తండి."

"అంటే... అది అక్కడే పడి ఉంటే చూస్తూ కూర్చోవాలా?"

"కూర్చోవాలి."

ఆవిడకు శిక్ష పడినట్టే అయింది. మొదటిరోజు నిగ్రహించుకోలేక "ఏయ్!" అని అరిచేసింది, మసి గుటుక్కున మింగేసింది. తన నోటిని తానే తిట్టుకుంది ఆవిడ. మర్నాడు చీపురును అల్మారాలో పెట్టి తాళం వేసి, బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. చేతులు దురద పెట్టాయి. అయినా పళ్లు బిగించి, "మసీ, రావే నా తల్లీ" అంది. మసి కింద ఉన్నదాన్ని చూసింది, ఆవిడను చూసింది. కేక ఎప్పుడు పడుతుందా అని చెవులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. కేక పడలేదు. మెల్లగా వచ్చి ముక్క అందుకుంది. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాతా మసి ఒకటి రెండుసార్లు తినేసింది. ఆవిడ మాత్రం నోరు జారలేదు. చివరికి తాడు కూడా విప్పేసింది.

భార్యాబిడ్డలను తీసుకురావడానికి బయల్దేరబోతూ కొడుకు పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. మసి పని ముగించింది.

"అమ్మా, చీపురు! తినేస్తుంది!" అని కేక వేశాడు వాడు.

మసి ఉలిక్కిపడి తల దించింది. సబ్బు పెద్దమ్మ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. గొంతు మాత్రం పెంచలేదు.

"మసీ... రావే."

మసి తలెత్తింది. వెనక్కైనా చూడకుండా ఒక్క దూకులో వచ్చి ఆవిడ మీద పడి, తోకతో ఇద్దరినీ బాదేసింది. ముక్క నోట్లో పడింది. పెరటి మధ్యలో ఆ కుప్ప చెక్కుచెదరకుండా ఎండలో ఉంది.

కొడుకు నోరు వెళ్లబెట్టాడు. "వాచ్‌మన్‌తో మసిని ఇవ్వట్లేదని చెప్పేస్తాలే అమ్మా" అన్నాడు నవ్వుతూ. వెంటనే చీపురు కోసం అల్మారా వైపు నడిచాడు.

"ఆగరా!" అంది సబ్బు పెద్దమ్మ, నడుం మీద చేతులు పెట్టుకుని. "కోడలు వచ్చి కళ్లారా చూసేదాకా ఆ కుప్పను ఎవరైనా ముట్టారో, ఊరుకునేది లేదు!"