కుడిచెవి కచేరీ

కొత్తగా కొన్న యాంప్లిఫయర్‌ వేసిన కాసేపటికి, దాని మూత మీది సన్నటి చీలికల్లోంచి వేడెక్కిన తీగల వాసన వచ్చింది. లంబాలైన్‌లోని ఈ ఫ్లాటూ, నెత్తిమీద దిగుతున్న విమానం మోతా పక్కకి తప్పుకొని, జంగ్లీఘాట్‌లో మా రేకుల కప్పు చెక్క ఇల్లు కళ్ళముందు నిలబడింది.

ఆ ఇంట్లో వానాకాలమంటే రేకుల మీద నెలల తరబడి హోరు, ఆరీ ఆరని బట్టల ముక్కిన వాసన, రేవులో అప్పుడే దిగిన చేపలతో పులుసు, వాటన్నిటి మధ్యా అమ్మ వినే కర్ణాటక సంగీతం. పెళ్ళికి ముందు శ్రీకాకుళంలో వీణ నేర్చుకున్న అమ్మ, ఈ దీవుల్లో పంతులు ఉద్యోగానికొచ్చిన నాన్న వెంట ఓడెక్కినప్పుడు వీణని తేలేక క్యాసెట్లు తెచ్చుకుందట. చవితి ఉండ్రాళ్ళకి ఎసట్లో రవ్వ పోస్తూ కూడా గరిటెతో తాళం వేసేది. వానలో పాట మునిగిపోతుంటే టేప్‌రికార్డర్‌కి చెవి ఆనించి కూర్చునేది. అది చూడలేక నాన్న, మంచి యాంప్లిఫయర్ కొందామని మమ్మల్ని బజారుకి తీసుకెళ్ళారు.

దుకాణం భయ్యా నీలిదీపాలు వెలిగే పెద్దదాన్ని ముందు పెట్టాడు. నాన్నకీ నాకూ ఆ దీపాలు తెగ నచ్చాయి. వీధి గోలలో సరిగ్గా వినిపించదని భయ్యా అమ్మకి హెడ్‌ఫోన్ తగిలించి, ఎడమచెవిలో వయొలిన్, కుడిచెవిలో మృదంగం ఎంత విడిగా పలుకుతాయో చూపిద్దామని ఒక నాబ్‌ని పూర్తిగా ఎడమకి తిప్పాడు.

"సునో దీదీ, ఇప్పుడు వయొలిన్ ఒక్కటే!"

అమ్మ కాసేపు చూసి, "బంద్ చేసేసినారేటి భయ్యా?" అంది.

నాన్న హెడ్‌ఫోన్ తీసి తన చెవులకి పెట్టుకున్నారు. వయొలిన్ నిండుగా మోగుతూనే ఉంది. పిలిస్తే పలకవని ఇన్నాళ్ళూ ఇంట్లో అమ్మ మీద విసుక్కున్న మనిషి, ఆ హెడ్‌ఫోన్ తీసి అమ్మ ఎడమచెవి వంక చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"దీని పురిట్లో జొరమొచ్చింది కదండీ," అమ్మ నా తల నిమిరింది. "అప్పట్నించి ఎడమది వినబడదు. చెప్తే బెంగెట్టుకుంటారని..."

నాన్న మళ్ళీ ఆ దీపాల వంక చూడలేదు. "రెండు పక్కలదీ కలిపి ఒకే చెవికి ఇచ్చేది ఉందా భయ్యా?" అని అడిగారు. భయ్యా వెతికి, వెనక అరలోంచి బూడిదరంగుది ఒకటి దించి, దాని మీది 'మోనో' మీట నొక్కాడు. అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

"వయొలిన్ కూడా వస్తందండీ!"

అదే కొన్నాం. ఇంటికొస్తుంటే, ఎప్పుడూ అమ్మకి ఎడమపక్క నడిచే నాన్న, వెనక నుంచి చుట్టూ తిరిగొచ్చి కుడిపక్కకి చేరారు. ఇక జీవితమంతా అటే నడిచారు.

నాన్న పోయాక, మిన్నీ బేలో సముద్రపు గట్టు మీద సాయంత్రాలు అమ్మ కుడిపక్కన నేను నడిచాను. ఇప్పుడు అమ్మా లేదు. మా ఇంటి చోట మేడ లేచింది, ఆ దుకాణంలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. గట్టు మీద ఒక్కదాన్నే వెళ్తున్నా, నా ఎడమపక్కన మనిషి పట్టేంత చోటు వదిలే నడుస్తాను.