డాబా మీద త్రోబాల్

ఆ రోజు నాకు సెలవు. తలకు నూనె పెట్టుకుంటూ తీరిగ్గా కూర్చున్నాను. వాషింగ్ మెషీన్ ఉతకడం ముగించి బీప్ బీప్ మంది. అంతే, నూనె గిన్నెను తన్నుకుని పరుగెత్తాను. తేరుకుని చూసుకుంటే బాత్రూం గోడ మీద ఆక్సిజన్ నాబ్ కోసం తడుముతున్నాను.

"ఏందే, ఏమైంది? మిషన్ బందైంది, గంతే గదా!" అన్నాడు మా ఆయన కంగారుగా వచ్చి.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపు అందుకున్నాను. ఎంతసేపటికీ ఆగలేదు.

నేను సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సుని. పనంటే ఇష్టమే. కానీ అప్పటికి కొన్ని నెలలుగా నాకు సరైన నిద్ర లేదు. మానిటర్ల చప్పుడు నాతోపాటే ఇంటికి వచ్చేది. ఎవరైనా పేషెంట్ చనిపోతే మంచం తుడిచి, కొత్త దుప్పటి పరిచి, ఇంకొకరిని చేర్చుకునేవాళ్లం. వెళ్లిపోయిన మనిషి గురించి ఎవరమూ నోరెత్తేవాళ్లం కాదు. డ్యూటీకి బయలుదేరేముందు చెప్పులు వేసుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయేదాన్ని.

"డాక్టర్‌కు చూపించుకోరాదు? అందరికీ నువ్వే చెప్తవ్ గదా," అన్నాడు ఆయన.

నిజమే, పేషెంట్ల బంధువులకు ఎంత ధైర్యంగా చెప్తానో! నా దాకా వచ్చేసరికి మాత్రం మా ఆసుపత్రిలోనే ఉన్న సైకియాట్రిస్ట్ గది వైపు చూడ్డానికి కూడా భయం వేసింది. ఎవరైనా చూసి, ఈమె ఐసీయూకి పనికిరాదంటే? అందుకే పద్మారావు నగర్‌లో ఒక క్లినిక్ వెతుక్కున్నాను. చున్నీ ముఖానికి చుట్టుకుని, ఆటో కాస్త ముందే దిగి, కింద ఉన్న మందుల షాపుకి వచ్చినదానిలా నటిస్తూ మెట్లెక్కాను.

లోపల ఒకావిడ వారపత్రికను ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కింద తెల్ల చెప్పులు కనిపించాయి. మడమ దగ్గర అరిగిన ఆ చెప్పులు మా ఐసీయూలో తెలియనివాళ్లు లేరు. వాటి చప్పుడు వినపడితే చాలు, అందరి ఫోన్లూ జేబుల్లోకి పోతాయి.

మా ఇన్‌ఛార్జ్ మేడం! గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ఆవిడ గొంతు పెంచితే జూనియర్ డాక్టర్లు కూడా సర్దుకుంటారు. నేను మెల్లగా వెనక్కి తిరిగాను.

పత్రిక కిందికి దిగింది. "ముందు కూర్చోవే. అలా గుమ్మంలో నుంచుంటే ఇంకో నలుగురు చూస్తారు."

కూర్చున్నాను. చున్నీ కొసను ఇంకాస్త బిగించుకున్నాను. "ఎవరినన్న తోల్కొచ్చిన్రా, మేడం?"

"ఎవర్నీ కాదు. నా కోసమే. ఏడాది దాటింది. మొదట్లో నిద్రమాత్ర రాయించుకుందామని వచ్చాను. ఇప్పుడు మాట్లాడ్డానికి వస్తున్నాను. మరి నువ్వు?"

"నాకు సుత నిద్ర పడ్తలేదు. ఇంట్ల మిషన్ మోగితే ఉరుకుతున్న."

ఆవిడ పక్కున నవ్వింది. "నీకు మిషనా? నాకు మా అపార్ట్‌మెంట్ లిఫ్టు! అది టింగుమంటే చేతిలో గరిటె కింద పడేది."

ఆవిడేమిటి, లిఫ్టుకి ఉలిక్కిపడటమేమిటి! చున్నీ విప్పి పక్కన పెట్టేశాను. ఎన్ని నెలలకో గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

డాక్టర్ తొందరపెట్టకుండా నేను చెప్పిందంతా విన్నారు. ఈ పనిలో ఉన్నవాళ్లకు ఇలా కావడం మామూలేనని, తగ్గుతుందని, కొన్నాళ్లు మాత్రలు వాడుతూ వచ్చి మాట్లాడుతూ ఉండమని అన్నారు. ఒళ్లు అలిసేలా, సరదాగా ఉండేలా ఏం చేస్తావని అడిగి, ఆలోచించుకుని రమ్మన్నారు.

బయట మేడం నా కోసం ఆగింది. కూరగాయలు కొనాలంటూ నన్ను కూడా మోండా మార్కెట్‌కి లాక్కెళ్లింది. ప్లాస్టిక్ బకెట్ల కొట్టు ముందు వలసంచిలో బంతులు వేలాడుతున్నాయి. ఆవిడ ఠక్కున ఆగిపోయింది.

"నర్సింగ్ స్కూల్లో త్రోబాల్ కెప్టెన్ని నేను. తెలుసా నీకు?"

"మీరా, మేడం?"

"ఏం, అంత ఆశ్చర్యంగా ఉందా? రేపు డ్యూటీ దిగాక డాబా మీదికి రా. ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకురా."

కూరగాయల మాటే మరిచిపోయి, ఒక బంతి, ఒక నైలాన్ తాడు కొనుక్కుని బయటపడ్డాం.

ఆసుపత్రి డాబా మీద దుప్పట్లు ఆరేసే ఇనుప స్తంభాలున్నాయి. వాటి మధ్య తాడు కట్టి, దాని మీద చిరిగిన దుప్పటి వేశాం. అదే మా నెట్. మొదటి బంతి నా చేతుల్లోంచి జారి ముక్కుకి తగిలింది. రెండోది పట్టుకున్నాను. పట్టుకుని ఒక్క కేక పెట్టాను! ఐసీయూలో రోజంతా గుసగుసగా మాట్లాడే మాకు ఇంత గొంతు ఉందని ఎవరికీ తెలియదు. చేతులు ఎర్రగా కందిపోయాయి, యూనిఫారాలు చెమటతో తడిసిపోయాయి. మేడం పాయింట్ పోయిన ప్రతిసారీ నేలను కాలితో తన్నేది. ఆ రాత్రి నేను పడుకున్నది పడుకున్నట్టే నిద్రపోయాను.

కొన్ని వారాలయ్యాక, నేను చాలా రోజులుగా చూసుకుంటున్న ఒక పెద్దాయన ఒకరోజు మధ్యాహ్నం పోయాడు. నేను సంచి సర్దుకుని ఇంటి దారి పట్టబోతుంటే మేడం చెయ్యి పట్టుకుంది. "పైకి రా. ఆడకపోయినా ఫర్వాలేదు."

పైన అందరూ కింద కూర్చున్నారు. "ఆయన గురించి ఏదన్నా చెప్పు," అంది మేడం.

"రోజూ పొద్దుగాల నన్ను బస్సు దొరికిందా అని అడిగేటోడు," అన్నాను. ఏడ్చాను. పక్కనున్న అమ్మాయి కూడా ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. కాసేపటికి నేనే లేచి బంతి అందుకున్నాను. అప్పటి నుంచి అది మా అలవాటైంది. ఎవరైనా పోతే, వాళ్లను చూసుకున్నవాళ్లు ముందు ఒక మాట చెప్తారు, ఆ తర్వాతే ఆట.

మా అరుపులు కింది దాకా వినిపించాయేమో, ఆపరేషన్ థియేటర్ నర్సులు పోటీకి రమ్మని కబురు పెట్టారు. ఆ సాయంత్రం డాబా నిండిపోయింది! జూనియర్ డాక్టర్లు నీళ్ల ట్యాంకు మెట్లెక్కి ఈలలు వేశారు. చివరి సెట్‌లో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అవతలి వైపు నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. "నీదేనే!" అని అరిచింది మేడం. ఎగిరి పట్టుకుని, ఖాళీగా కనిపించిన మూలకి విసిరాను. బంతి గీత పక్కనే పడింది, అవుటని అవతలివాళ్లు గోల పెట్టారు. అయినా గెలిచాం! నలుగురూ కలిసి నన్ను ఎత్తేశారు. మేడం పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది.

అందరూ సమోసాలు తింటుంటే, కొత్తగా చేరిన అమ్మాయి, "మీరిద్దరు ఎట్ల ఇంత దోస్తులైన్రు, మేడం?" అని అడిగింది.

మేడం నా వైపు చూసింది. నేను తలూపాను.

"సైకియాట్రిస్ట్ దగ్గర," అంది ఆవిడ, గొంతు తగ్గించకుండానే. "ఇద్దరం ఇప్పటికీ వెళ్తాం."

ఆ అమ్మాయి సమోసా పక్కన పెట్టి, "మళ్ల ఎప్పుడు పోతరు? నేను సుత రావొచ్చా?" అంది.

తర్వాతి వారం ముగ్గురం ఒకే ఆటోలో ఇరుక్కుని పద్మారావు నగర్ వెళ్లాం. దారంతా ఆ చివరి పాయింట్ గురించే మాట్లాడుకున్నాం. అవుట్ కాదు, ముమ్మాటికీ లోపలే పడింది.